‘అనుమతి ఇవ్వను’ అని పోస్టు పెడితే ఆగుతుందా?

ప్రశ్న: పదేళ్లుగా పిల్లల ఫొటోలు, నేను అమ్మే ఏటికొప్పాక బొమ్మల ఫొటోలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పెడుతున్నాను. వాటితో ఏఐకి శిక్షణ ఇస్తున్నారట. ‘నా పోస్టులు వాడుకోవడానికి అనుమతి ఇవ్వను’ అని పోస్టు చేయమంటూ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ తిరుగుతోంది. పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వద్దండి, దానివల్ల ఏమీ ఆగదు. ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతులను ఆ పోస్టు మార్చలేదు. పెద్దవాళ్ల ఖాతాల్లో ‘పబ్లిక్’గా ఉన్న పోస్టులు, ఫొటోలు, కామెంట్లు శిక్షణకు వాడుకుంటున్నామని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని సంస్థ మెటా బహిరంగంగానే చెబుతోంది. పిల్లల ఖాతాలను వదిలేస్తామంటుంది కానీ, అమ్మానాన్నలు పబ్లిక్‌గా పెట్టిన పిల్లల ఫొటోలకు ఆ మినహాయింపు లేదు. 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా సెనేట్ విచారణలో మెటా ప్రతినిధి ఈ సంగతి ఒప్పుకున్నారు. అందుకే ముందు పిల్లల ఫొటోల సంగతి చూడండి.

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో ‘పోస్ట్స్’ కింద ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ ఉంటుంది. దాన్ని నొక్కితే పాత పబ్లిక్ పోస్టులన్నీ ఒక్కసారిగా ‘ఫ్రెండ్స్’కు మారిపోతాయి. తర్వాత దేన్నైనా మళ్లీ పబ్లిక్ చేయాలంటే ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. కవర్ ఫొటో మాత్రం ఎప్పుడూ పబ్లిక్కే కాబట్టి అక్కడ పిల్లల ఫొటో ఉంటే తీసేయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో ‘అకౌంట్ ప్రైవసీ’లోకి వెళ్లి ‘ప్రైవేట్ అకౌంట్’ ఆన్ చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే బిజినెస్ ఖాతాను ప్రైవేట్ చేయనివ్వదు. మీరు రెండు ఖాతాలు పెట్టుకోవడమే మేలు. బొమ్మలకు పబ్లిక్ బిజినెస్ ఖాతా, ఇంటి ఫొటోలకు ప్రైవేట్ పర్సనల్ ఖాతా.

ఇవన్నీ ఇకమీదట జరిగేదాన్నే ఆపుతాయి. శిక్షణలో ఫొటో ఫొటోగా మిగలదు, మోడల్‌లోని, అంటే శిక్షణ పొందే ఏఐ ప్రోగ్రామ్‌లోని కోట్ల అంకెల్లో కలిసిపోతుంది. పులుసులో కరిగిన ఉప్పును వెనక్కి తీయలేం కదా, ఇదీ అంతే. ఈరోజు పోస్టు తొలగించినా ఇప్పటికే వాడేసింది తిరిగి రాదు.

చట్టమూ మనకు పెద్దగా అండగా లేదు. యూరప్‌లో అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మాత్రం, ఎవరికి వారు బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి వర్తించదని 3వ సెక్షన్‌లోనే చెప్పేసింది. ఇది న్యాయం కాదని మా అభిప్రాయం. కస్టమర్‌కు బొమ్మ చూపించడానికి పెట్టిన ఫొటో, యంత్రానికి పాఠం కావడానికి పెట్టింది కాదు.

లింక్డ్‌ఇన్ ఉంటే ‘డేటా ప్రైవసీ’లో ‘డేటా ఫర్ జెనరేటివ్ ఏఐ ఇంప్రూవ్‌మెంట్’ ఆఫ్ చేయండి. ఎక్స్ (పాత ట్విటర్)లో ‘ప్రైవసీ అండ్ సేఫ్టీ’లో దాని ఏఐ అయిన గ్రోక్ పేరున్న చోట టిక్ తీసేయండి.

మీ అపార్ట్‌మెంట్ గ్రూపు చాట్లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో (గ్రూపులో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని రహస్య రూపంలో) ఉంటాయి, శిక్షణకు వెళ్లవు. కానీ గ్రూపులో ఎవరైనా వాట్సాప్‌లోనే ఉండే ఏఐ సహాయకుడు ‘మెటా ఏఐ’ని పిలిచి ప్రశ్న అడిగితే, అందులో రాసింది దానికి చేరుతుంది. ఫ్లాట్ నంబర్లు, పిల్లల పేర్లు అక్కడ రాయొద్దని అందరికీ చెప్పండి.