ఆర్వీలో పోయిన పరువు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఆర్వీ తీసుకుని క్యాంపింగుకి వెళ్లి నలుగురిలో నవ్వులపాలైన సంగతులుంటే దాచుకోకుండా రాయండి, పేర్లు వేయం అని పోయిన నెల ఈ శీర్షికలో అడిగాను. ఇన్ని వస్తాయనుకోలేదు. కొన్ని చదివి నవ్వాను, ఒకటి చదివి కిటికీ తెరిచాను. ఆర్వీ ఎక్కనివాళ్ల కోసం ఒక్క మాట: పడక, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అది. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా అద్దెకు తీసుకునేది క్లాస్ సీ, అంటే ముందు వ్యాను ముక్కు, డ్రైవరు నెత్తిమీద ఒక మంచం ఉండే రకం.

ప్రశ్న: యుటా ట్రిప్పు రెండో రోజు మురుగు ట్యాంకు ఖాళీ చేద్దామని డంప్ స్టేషన్‌కి వెళ్లాం. నేనింకా పైపు తగిలించలేదు, వాల్వు ముట్టుకోలేదు. బండికున్న గొట్టం మూత తిప్పానంతే, మొత్తం నా కాళ్ల మీదికి! వెనక నాలుగు బండ్లు లైన్లో ఉన్నాయి, ఎవరూ హారన్ కూడా కొట్టలేదు, అదే ఇంకా అవమానంగా అనిపించింది. నా తప్పేంటండీ?
– ఆస్టిన్ పాఠకుడు

జవాబు: కిటికీ తెరిచింది మీ ఉత్తరానికే. తప్పు సగం మీది, సగం మీకంటే ముందు ఆ బండి వాడినవాళ్లది. వాళ్లు వాల్వు సరిగ్గా మూయకుండా బండి తిరిగిచ్చేసి ఉంటారు, కాబట్టి రెండు రోజుల సరుకంతా ట్యాంకులో ఆగకుండా మూత వెనక వచ్చి కూర్చుంది. అద్దె బండి చేతికి రాగానే చూడాల్సిన మొదటి సంగతి ఇదే: నల్ల హ్యాండిలు, బూడిదరంగు హ్యాండిలు రెండూ పూర్తిగా లోపలికి నెట్టి ఉన్నాయా లేదా. నల్లది టాయిలెట్ ట్యాంకుది, బూడిదది సింకు, స్నానం నీళ్లది. మూత తీసేటప్పుడు కింద ఒక పాత బకెట్ పెట్టడం, పక్కకి నిలబడటం, చేతులకి గ్లవ్స్, ఇవి నాకు ఎవరూ చెప్పలేదు, అనుభవమే చెప్పింది.

అసలు పని పెద్ద కష్టం కాదు. పైపు కొస బండికి పెట్టి కొక్కేలు పట్టేదాకా తిప్పాలి, రెండో కొస నేలలో ఉన్న గుంటలోకి దించి మీద ఒక బరువు పెట్టాలి (ఈ బరువు మర్చిపోయిన వాళ్ల ఉత్తరాలు వేరే మూడున్నాయి, వేయడం లేదు, పైపు పాములా లేచి ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి). ముందు బ్లాక్ ట్యాంకు వదలాలి, అది ఖాళీ అయ్యాక గ్రే. సబ్బు నీళ్లతో పైపు దానంతటదే కడుగుడు పడుతుంది. ఇంకో తెలివితక్కువ పని కూడా చాలామంది చేస్తారు, క్యాంపులో సీవర్ (మురుగు కాలువ) కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు మూడు రోజులూ తెరిచే ఉంచుతారు, నీళ్లన్నీ జారిపోయి గట్టిది మాత్రం అడుగున పుట్టలా పెరుగుతుంది. ట్యాంకు కనీసం మూడింట రెండు వంతులు నిండేదాకా మూసే ఉంచి ఒక్కసారిగా వదలాలి. డంప్ స్టేషన్‌లో ఉండే కుళాయి పైపు కడగడానికే, దాంతో తాగేనీళ్లు పట్టుకోకండి. బూట్ల సంగతి మాత్రం నేనేం చేయలేను.

ప్రశ్న: పొద్దున్నే ఆరింటికి కరెంటు కుక్కరు ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టి, పక్కన ఇడ్లీలకి మైక్రోవేవ్, ఇటు చారుకి పోపు వేశాను. కరెంటు పోయింది, పొగ అలారం మోగింది, చుట్టుపక్కల ఆరు బండ్లలో లైట్లు వెలిగాయి. ఒకాయన పైజమాతో మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు! మనవంటలు ఆర్వీకి పనికిరావా?
– ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: వంటలు భేషుగ్గా పనికొస్తాయమ్మా, ఒకేసారి అన్నీ పనికిరావు. మీది 30 ఆంపుల కనెక్షన్ అయి ఉంటుంది. 120 వోల్టులు లెక్కేస్తే మొత్తం 3600 వాట్లు, అంతే, ఇల్లంతటికీ. ఏసీ ఒక్కటే దాదాపు 1500 తింటుంది, ఇన్‌స్టంట్ పాట్ వెయ్యి, మైక్రోవేవ్ వెయ్యికి పైమాటే. వీటికి తోడు వేడినీళ్ల హీటరు కరెంటు మీద పెట్టి ఉంటే బ్రేకరు పడిపోక ఏం చేస్తుంది పాపం. 50 ఆంపుల సైటు, దానికి తగ్గ బండి అయితే 12,000 వాట్ల దాకా వస్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు. లేకపోతే పప్పు ఉడికే అరగంట ఏసీ ఆపేయండి.

పోపు బయట వేసుకోండి. చిన్న క్యాంపు స్టవ్వు ఒకటి పిక్నిక్ బల్ల మీద పెట్టుకుంటే ఎండుమిర్చి ఘాటు గాలికి పోతుంది. కాకపోతే ఎలుగుబంట్లు తిరిగే చోట గిన్నెలు, నూనె డబ్బా బయట వదిలేయకూడదు, వంట కాగానే అన్నీ లోపలికి. అలారం బ్యాటరీ పీకేసే మహానుభావులున్నారు, ఆ పని మాత్రం చేయకండి. నేల దగ్గర ఇంకో అలారం కనిపిస్తుంది చూడండి, అది గ్యాసుది, ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది, అందుకే అక్కడ పెడతారు. దాని మీద జుట్టుకి కొట్టుకునే స్ప్రే పడినా అరుస్తుంది. ఆ పైజమా ఆయనకి చారు పంపారా లేదా రాయనేలేదు.

ప్రశ్న: నేను వెనక నిలబడి "రైట్, రైట్" అన్నాను, అంటే రావచ్చు అని. మా ఆయన స్టీరింగు కుడివైపు తిప్పేశారు. పిక్నిక్ బల్ల విరిగింది. ఇప్పటికీ తప్పు నాదేనంటున్నారు. తీర్పు చెప్పండి.
– న్యూజెర్సీ

జవాబు: ఆర్టీసీ బస్సులో తిరిగిన ప్రతివాడికీ "రైట్ రైట్" అంటే పోనీయమనే అర్థం. మీవారు ఏ ఊళ్లో పెరిగారో గానీ తీర్పు మీకే ఇస్తున్నాను. అయితే ఇంకెప్పుడూ ఆ మాట వాడకండి, "రానీ", "ఆగు", "డ్రైవరు వైపు", "తలుపు వైపు", ఈ నాలుగూ చాలు. మీకు ఆయన అద్దం కనిపించే చోట నిలబడాలి, మీకు అద్దంలో ఆయన మొహం కనిపించలేదంటే ఆయనకి మీరు కనిపించనట్టే. ఫోన్ స్పీకరు పెట్టుకుంటే అరుపులు తగ్గుతాయి, క్యాంపంతా మీ సంసారం వినే అవకాశం కూడా.

ఆయనకి ఇంకో మాట చెప్పండి, ముందుకెళ్లేటప్పుడూ ప్రమాదమే. వెనక చక్రాల తర్వాత ఈ బండికి తోక పొడుగు, ఎడమకి కోసినప్పుడు ఆ తోక కుడికి విసురుతుంది. పెట్రోలు బంకులో స్తంభాలన్నీ దానికోసమే కాచుకుని ఉంటాయి.

ప్రశ్న: కాఫీ కోసం డ్రైవ్-త్రూలోకి తిప్పాను, కార్లో కూర్చునే కిటికీ దగ్గర కొనుక్కునే అలవాటు. పైన ఏదో ఫెళ్లుమంది. ఏసీ మూత ఊడి వెనక కారు ముందు పడింది. ఎత్తు గుర్తుండటానికి చిట్కా ఏమైనా ఉందా?
– కేరీ, నార్త్ కరోలినా

జవాబు: కేరీలో ఉండి అడుగుతున్నారా! మీకు పక్కనే డరమ్‌లో గ్రెగ్సన్ స్ట్రీట్ మీద రైలు వంతెన ఉంది కదా, 11 అడుగుల 8 అంగుళాల ఎత్తుతో ఎన్నో ట్రక్కుల పైకప్పులు ఒలిచేసి డబ్బామూతలు కోసే కత్తి అని పేరు తెచ్చుకుంది. 2019లో 8 అంగుళాలు పైకి లేపారు, 12 అడుగుల 4 అంగుళాలైంది, అయినా గుద్దేవాళ్లు గుద్దుతూనే ఉన్నారు. చిట్కా పాతదే: బండి ఎత్తు ఏసీతో కలిపి ఎంతో అద్దెకిచ్చేవాళ్లనడిగి, ఒక టేపు ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి కళ్లముందు అంటించుకోవాలి.

మన ఫోన్లో మ్యాపు కారు దారి చూపిస్తుంది, దానికి మీ నెత్తిమీది మంచం తెలియదు. న్యూయార్క్ పార్క్‌వేలకి వంతెనలు బాగా పొట్టి. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు, మీ బండి 25 అడుగులదైతే కింద పెట్టి వేరే ఏర్పాటు చూసుకోవాల్సిందే. న్యూజెర్సీ నుంచి వాషింగ్టన్ వెళ్లేవాళ్లకి ఇంకో తిరకాసు, బాల్టిమోర్ సొరంగాల్లోకి ప్రొపేన్ ట్యాంకున్న ఆర్వీలు పోకూడదు. ఇదివరకు ఊరి చుట్టూ తిరిగే 695 రింగు రోడ్డు మీద కీ బ్రిడ్జి ఉండేది, 2024 మార్చిలో ఓడ గుద్ది అది కూలిపోయాక పడమటి వైపు చుట్టు తిరిగి పోవడమే.

ప్రశ్న: రాత్రి క్యాంపులోని స్నానాల గదినుంచి వచ్చి బండెక్కి ఫ్రిజ్ తెరిచాను, మజ్జిగ తాగుదామని. పెరుగు డబ్బా లేదు. ఇదేంటా అని వెతుకుతుంటే వెనకనుంచి కుక్క గుర్రుమంది. మాకు కుక్క లేదు.
– ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ఈ నెల మొదటి బహుమతి మీది, బహుమతి ఏదీ లేకపోయినా. ఒకే చోట అద్దెకిచ్చిన బండ్లు ఒకే రంగు, ఒకే బొమ్మ, రాత్రిపూట కవలపిల్లల్లా ఉంటాయి. అద్దానికి ఒక పసుపు గుడ్డ కట్టుకోండి, లేదా గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, అది ఇంకెవరి బండికీ ఉండదు. తాళం ఉంది కదా అనుకోవడానికి కూడా లేదు, కింది సామాను అరల తాళాలు చాలా బండ్లకి సీహెచ్ 751 అనే ఒకే రకం తాళంచెవితో తెరుచుకుంటాయి. అంటే మీ చెవితో పక్కవాళ్ల అర, వాళ్ల చెవితో మీ ఆవకాయ అర. విలువైనవి అక్కడ పెట్టకండి. ఆవకాయ మీ ఇష్టం.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వచ్చే వేసవికి మమ్మల్ని ఇల్లులాంటి బండిలో వారం రోజులు తిప్పుతానంటున్నాడు. అందులో బాత్రూం అంటే నాకు దిగులుగా ఉంది. నావల్ల వాళ్ల పరువు పోకూడదు.
– తెనాలి నుంచి ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీవల్ల పోయేదేం లేదు, మీ అబ్బాయే జాగ్రత్తగా ఉండాలి. టాయిలెట్‌కి కింద ఒక పెడలు ఉంటుంది, కాలితో తొక్కితే నీళ్లు వస్తాయి. మీరు చెంబు వాడుకోవచ్చు, నిజానికి ఆ ట్యాంకుకి నీళ్లెక్కువ పడితేనే మంచిది, కాకపోతే కాస్త తొందరగా నిండుతుంది, ఖాళీ చేసే పని మీ అబ్బాయిది. తడి టిష్యూలు మాత్రం అందులో వేయకూడదు. వేడినీళ్ల హీటరు చాలా బండ్లలో 6 గ్యాలన్లది, అంటే మన బకెట్‌కి కాస్త ఎక్కువ. షవరు కింద పాటలు పాడే మీ మనవడికి అది చాలదు గానీ మీకు ఒక బకెట్ స్నానం అలవాటే కదా. బండి కదులుతుంటే ఉప్మా కలుపుతానని లేవకండి, బెల్టు పెట్టుకుని కూర్చోండి. నెత్తిమీది మంచం పిల్లలకిచ్చి వెనక మంచం మీరు తీసుకోండి, మొహమాటం వద్దు.

ప్రశ్న: యెల్లోస్టోన్‌లో అన్నం పలుకుగా, పప్పు రాళ్లలా. నా చేతివంటకి ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు.
– చికాగో

జవాబు: మీ చెయ్యి మంచిదే, ఎత్తు ఎక్కువ. యెల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది, అక్కడ నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. బియ్యం, పప్పు నానబెట్టి విజిల్ వచ్చే కుక్కర్లో పెట్టండి.

ప్రశ్న: ఎండకి బండి పక్కన పరుచుకునే గుడ్డ పందిరిని తెరిచే ఉంచి, దానికి పంచెలు ఆరేసి పడుకున్నాం. తెల్లారి చూస్తే అది బండి మీదికి మడత పడి ఉంది.
– ఫీనిక్స్

జవాబు: ఆనింగ్ అంటారు దాన్ని. పడుకునే ముందు, ఎటైనా వెళ్లే ముందు చుట్టేయాలి. గాలికి ముందు పోయేది అదే. పంచెలు ఆరేయడానికి చెట్ల మధ్య తాడు కట్టుకోండి, పార్కువాళ్లు ఒప్పుకుంటేనే.

ప్రశ్న: అందరికీ నీతులు చెప్తున్నారు, మీ పరువు ఎప్పుడూ పోలేదా?
– పేరు రాయనివారు

జవాబు: పోయింది. మొదటి ట్రిప్పుకి బండి తెచ్చిన రోజు మా అమ్మ ఇక్కడే ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది, బాగానే ఉంది. మూడో రోజు క్యాంపు ఖాళీ చేసే పొద్దున, పదకొండింటికల్లా బయటపడాలి, నేను ఇంజన్ వేసుకుని కూర్చున్నాను, అమ్మ ఇంకా ఎక్కదు, బండి చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది. ఎదురు బండి దంపతులు కాఫీ కప్పులతో చూస్తున్నారు. సిగ్గేసి, "అమ్మా, ఇప్పుడు అవన్నీ ఎందుకే, ఎక్కు" అని గట్టిగానే కసిరాను. రెండో చుట్టులో వెనక నుంచి అంది, "ఒరే, ఈ నల్లతాడు బొడ్డుతాడులా ఆ కరెంటు స్తంభానికి వేలాడుతోందేంట్రా, దీన్నీ తీసుకెళ్లాలా?" అని. దిగి చూస్తే కరెంటు తీగే కాదు, నీళ్ల గొట్టం కూడా తగిలించే ఉంది, మెట్టు బయటే ఉంది. ఎదురాయన కప్పు ఎత్తి అమ్మకి నమస్కారంలాంటిది పెట్టాడు. నేను తల దించుకుని అవన్నీ పీకి చుట్టి లోపల పెట్టేలోపు అమ్మ ఇంకో చుట్టు కూడా పూర్తి చేసుకుంది, మూడుకి తక్కువైతే లెక్కలోకి రాదట.