భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు

చంద్రగిరి

నాయనా,

నువ్వు పాత రాజ్‌దూత్ మోటార్ సైకిల్ కొన్నావనీ, దాని మీదే హార్స్‌లీ హిల్స్‌కు పోతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దిగులు సగం, సంతోషం సగం. షోరూముల్లో అన్ని కొత్త బండ్లు పెట్టుకుని ఆ తుప్పు మీద మనసు పడ్డావంటే, నా పోలికే వచ్చింది నీకు.

అది అసలు పోలండ్ బండిరా. అక్కడి ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 అనే బండిని చూసి 1960లలో ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు ఇక్కడ చేశారు. 173 సీసీ, టూ స్ట్రోక్. పరుగు తక్కువ, మొండితనం ఎక్కువ. రెండు పక్కలా పాలక్యాన్లు వేలాడేసుకుని చెరువు కట్టల మీద కూడా పోయేది.

టైర్లు, బ్రేకులు, క్లచ్ కేబుల్ చూపించుకో. ప్లగ్గు ఒకటి అదనంగా పెట్టుకో. హెల్మెట్ గురించి నాతో చెప్పించుకోవద్దు.

ఘాట్ ఎక్కేటప్పుడు నాకు భయం లేదు. దిగేటప్పుడే. 1978 ఎండాకాలం, పీలేరు నుంచి వస్తున్నాం. వెనక మీ అవ్వ, ఆమె ఒళ్లో చింతపండు మూట. పెట్రోలు మిగులుతుంది కదా అని యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి, గేర్లోనే బండిని దొర్లనిచ్చాను. ఆ బండికి ఆయిలు పెట్రోల్లోనే కలిసి వస్తుంది. పెట్రోలు ఆపితే ఆయిలూ ఆగినట్టే! ఆ తెలివి నాకప్పుడు లేదు. నాలుగో మలుపులో పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి ఇద్దరం రోడ్డు మీద పడ్డాం. నేను లేచేసరికి మీ అవ్వ మోచేతి నుంచి నెత్తురు కారుతుంటే, దుమ్ములో చింతపండు ఏరుకుంటోంది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత మెకానిక్కు సిలిండర్ ఊడదీసి చూపించాడు, పిస్టన్ మీద గోళ్లతో గీకినట్టు నిలువు గీతలు.

అందుకే, దిగేటప్పుడు రెండో గేర్లో రా. మధ్యమధ్యలో యాక్సిలరేటర్ కాస్త తిప్పి వదులు, లోపలికి ఆయిలు పోవాలి. రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండనీ. బండి బిగదీసినట్టు అనిపించిన క్షణమే క్లచ్ పట్టేయ్, చక్రం తిరుగుతూనే ఉంటుంది. పెట్రోల్లో ఆయిలు కొలిచి పోయ్, కంటి అంచనాతో కాదు. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఇది మాత్రం అడగడం కాదు, చెప్తున్నా.

పోయేటప్పుడు ఎటూ మన ఊరి మీదుగానే కదా, ఇంటి ముందు ఆగు. మీ అవ్వకు నువ్వొస్తున్నావనే చెప్పాను, దేని మీదో చెప్పలేదు. వీధి చివర ఆ చప్పుడు వింటే ఆమెకే తెలుస్తుంది.

మీ తాత