సెంట్రిఫ్యూజ్‌లో ఎంతసేపు తిప్పినా డీఎన్ఏ అడుక్కి ఎందుకు చేరదు?

సెంట్రిఫ్యూజ్ అంటే గొట్టాలను అతివేగంగా తిప్పే యంత్రం. అందులో సీజియం క్లోరైడ్ అనే ఉప్పు ద్రావణంలో తిప్పిన డీఎన్ఏ మధ్యలోనే ఆగిపోతుంది, ఎందుకంటే సరిగ్గా అక్కడ ద్రావణం సాంద్రత, డీఎన్ఏ సాంద్రత సమానమవుతాయి. నిమిషానికి 40,000కు పైగా చుట్లతో గంటల తరబడి తిప్పితే నీళ్లలో కరిగిన ఆ ఉప్పు కూడా కాస్త అడుగువైపు జరిగి, పైన పలచగా, కింద చిక్కగా తయారవుతుంది. డీఎన్ఏ సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.7 గ్రాములు కాబట్టి అంతకంటే చిక్కగా ఉన్నచోటికి వెళితే తేలుతుంది, పలచగా ఉన్నచోట మునుగుతుంది, చివరికి సన్నని పట్టీలా నిలబడిపోతుంది. ప్రోటీన్లు తేలికే, పైకి వచ్చేస్తాయి.

1958లో శాస్త్రవేత్తలు మెసెల్సన్, స్టాల్ ప్రచురించిన ప్రయోగం దీని మీదే నడిచింది. ఈ.కోలై బ్యాక్టీరియాను బరువైన నైట్రోజన్-15తో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్-14కి మార్చారు. ఒక తరం గడిచాక డీఎన్ఏ అంతా బరువైన పట్టీకీ తేలిక పట్టీకీ సరిగ్గా నడుమ ఒకే పట్టీగా కనిపించింది, అంటే ప్రతి డీఎన్ఏలోని రెండు పోగుల్లో పాతది ఒకటి, కొత్తది ఒకటి. బరువైన, తేలిక పట్టీల సాంద్రతల తేడా మిల్లీలీటరుకు దాదాపు 0.014 గ్రాములే, అయినా విడిగా కనిపించాయి!

చాలామంది పెద్ద అణువు కిందికి, చిన్నది పైకి అనుకుంటారు. ఇక్కడ పరిమాణంతో పనిలేదు, డీఎన్ఏ ముక్క చిన్నదైనా దాని పట్టీ అక్కడే వస్తుంది, కాకపోతే కాస్త వెడల్పుగా. పరిమాణాన్ని బట్టి విడదీసేది చక్కెర ద్రావణం పద్ధతి, అందులో మాత్రం సమయం చూసి ఆపకపోతే అన్నీ అడుక్కే పోతాయి.