వెలుగు కనబడిందని నాన్నకు అబద్ధం చెప్పాను

ఉత్తరం: మూడేళ్లుగా ధ్యానం చేస్తున్నాను. నేర్పింది నాన్నగారే. కళ్లు మూసుకుంటే నాకు నిశ్శబ్దం తప్ప ఏమీ ఉండదు. జ్యోతి కనబడాలి, శాస్త్రంలో ఉందంటారాయన. రోజూ అడుగుతుంటే తట్టుకోలేక ఓ రోజు కనబడిందనేశాను. బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నారు. అమ్మ పోయాక ఆయన మొహంలో అంత సంతోషం చూడటం అదే మొదలు. నిజంగా జ్యోతి కనబడాలంటే ఏ పద్ధతిలో చేయాలి?

జవాబు: పద్ధతి నేను చెప్పను. ఆడిన అబద్ధాన్ని నిజం చేసుకునే దారి వెతుకుతున్నారు మీరు. దానికి ధ్యానం అని పేరు పెట్టకండి.

శాస్త్రం మాటెత్తారు గనక ఒక్క ముక్క. యోగసూత్రాల్లో పతంజలి 'విశోకా వా జ్యోతిష్మతీ' అన్నాడు, అంటే 'లేదా శోకం లేని, జ్యోతితో నిండిన స్థితి' అని. 'వా' అంటే 'లేదా'. ఆ గ్రంథం మొదటి భాగమైన సమాధిపాదంలో 34 నుంచి 39 దాకా ఆరు సూత్రాల్లోనూ ఆ 'వా' ఉంది. ఊపిరితో నిలిపినా సరే, జ్యోతితో నిలిపినా సరే, చివరికి ఎవరికి నచ్చినదాన్ని వాళ్లు ధ్యానించినా సరే, మనసు నిలవడమే కావాలి. సాధనకు తొమ్మిది అడ్డంకులు చెప్పింది కూడా ఆ పాదంలోనే. వాటిలో 'భ్రాంతిదర్శనం' ఒకటి. మీకు ఆ భ్రాంతి కూడా లేదు, నోటితో చెప్పేశారంతే! రమణ మహర్షికి 1896లో, 16 ఏళ్ల వయసులో, ముందు ఆత్మానుభవం కలిగింది. వేదాంత గ్రంథాలు ఆ తర్వాతే ఆయన చెవిన పడ్డాయి. మీ నిశ్శబ్దానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అమ్మగారిని ఒక్క మాటలో దాటేశారు. మీ ఇద్దరి మధ్య కబుర్లు ఇటూ అటూ మోసింది ఆవిడే అయి ఉంటుంది, చాలా ఇళ్లలో అంతే. ఇప్పుడు తండ్రీకొడుకులకు మిగిలింది 'ఇవాళ ధ్యానం ఎలా కుదిరింది' అన్న ఒక్క ప్రశ్న. అదీ పోతుందని మీ భయం.

తండ్రిని సంతోషపెట్టడం కొడుకు ధర్మమే, కాదనను. కానీ పెద్దాయన మీ మాట నమ్మి నలుగురి దగ్గరా పూచీ పడి ఉన్నారు. రేపు ఆయన తలదించుకోవలసి వస్తే ఆ పాపం ఎవరిది?

ఈ వారమే చెప్పేయండి. ఇద్దరే ఉన్నప్పుడు. "నాన్నా, ఆ రోజు నాకేమీ కనబడలేదు, మీరు బాధపడతారని అలా అన్నాను." అంతే. నేను చెప్పిన 'వా' సంగతి మాత్రం ఎత్తొద్దు, తప్పు ఒప్పుకోవడానికి వెళ్లినవాడు వాదన గెలవాలని చూడకూడదు. కోప్పడతారు. నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. అయినా పొద్దున్నే ఆయన పక్కన కూర్చోవడం మానకండి. లేచాక ధ్యానం గురించి ఆయన అడగకముందే మీరే అమ్మ ఊసెత్తండి.