సమాధానం: సెలవుకు వచ్చినా పిల్లలకు విశ్రాంతి లేదంటున్నారు కదా

జాంబియాలో మిషనరీగా సేవ చేస్తున్న మీరు మూడు నెలల సెలవుకు శ్రీకాకుళం వచ్చి వారానికి రెండు మూడు క్రైస్తవ సంఘాలు తిరుగుతున్నారని, పదకొండేళ్ల అమ్మాయి "మన ఇల్లు ఎక్కడ?" అని అడుగుతోందని రాశారు. మాదీ అదే కథ. ఒకసారి పలాసలో కూడిక అయ్యాక మా బాబు గుమ్మం దగ్గర కుప్పలో చెప్పులు వెతుక్కుంటూ, "ఈ రాత్రి ఎవరింట్లో పడుకోవాలి?" అన్నాడు. మర్నాడే డైరీ తీసి సగం తేదీలు కొట్టేశాను.

ముందు ఒక ఇల్లు స్థిరం చేసుకోండి. అమ్మమ్మగారి ఇల్లయినా సరే, పిల్లలకంటూ ఒక మంచం, బీరువాలో ఒక అర ఉండాలి. టెక్కలి, పలాస, సోంపేట ఒకే దారి. శుక్రవారం బయలుదేరి ఆదివారానికి మీరొక్కరే ముగించి రండి. బొబ్బిలి, పార్వతీపురం ఇంకో వారం. పిల్లలను వేదిక ఎక్కించి పాడించవద్దని ఫోనులోనే చెప్పేయండి. సంఘ పెద్దలు నొచ్చుకుంటారు, రెండు రోజులు.

పూర్వం మన జిల్లాల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషనరీలకు స్వదేశం వెళ్లేటప్పుడు ఓడలోనైనా వారాల తరబడి విశ్రాంతి దొరికేది. మనకు విమానం దిగిన మర్నాడే కూడిక!

పిల్లలకు తెలుగు రావడం లేదని అమ్మమ్మగారు బాధపడుతున్నారన్నారు. పాఠాలు వద్దు, వంటింట్లో ఆవిడ పక్కన కూర్చోబెట్టండి. మా అమ్మాయికి "చింతపండు పిసుకు" అన్నదే మొదట వచ్చిన వాక్యం. తిరిగి వెళ్లాక ఆదివారం ఫోను మానకండి. లుసాకాలో మధ్యాహ్నం మూడైతే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, ఆవిడకూ తీరికే.