ఏ కొమ్మ ఆకు?

అమ్మా,

మర్రి, రావి ఆకుల లోపలి నిర్మాణం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "మర్రి ఆకు మందం, రావి ఆకు పలుచన" అన్న వాక్యం దగ్గర ఒళ్లు మండింది. ఏ కొమ్మ ఆకు? ఎండలో ఎదిగిందా, నీడలోనా? లేతదా, ముదురా? వ్యాసమంతా వెతికాను, ఎక్కడా లేదు.

ఒకే మర్రిచెట్టు పైకొమ్మ నుంచి ఒక ఆకు, లోపలి నీడ నుంచి ఒక ఆకు తెచ్చి అడ్డుకోతలు తీసి చూడు. ఎండ ఆకులో పైచర్మం కింద నిలువుగా నిలబడే స్తంభ కణాలు పొడుగ్గా, దట్టంగా ఉంటాయి, పైనున్న మైనపు పొర కూడా మందమే. నీడ ఆకులో ఆ కణాలు పొట్టివి, వాటి కింద గాలి ఖాళీలు ఎక్కువ. ఒక్క చెట్టులోనే ఇంత తేడా ఉంటే, జాతికీ జాతికీ తేడా ఇదీ అని నువ్వు చెబితే ఎలా నమ్మను? ఆకు గాలి పీల్చే సన్నని పత్రరంధ్రాల లెక్కా అంతే. చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అన్నది వెలుతురును బట్టి మారిపోతుంది. అందుకే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త సాలిస్‌బరీ 1927లో పత్రరంధ్ర సూచికను ప్రతిపాదించాడు. ఆకు పైచర్మం కణాలు, రంధ్రాలు కలిపిన మొత్తంలో రంధ్రాలు నూటికి ఎన్ని అన్నదే ఆ సూచిక. ఆకు సాగి కణాలు పెద్దవైనా అది అంతగా చెదరదు. నీ పట్టికలో దాని ఊసే లేదు.

సిస్టోలిత్, అదే మర్రి ఆకు కణంలో కాడకు వేలాడే సున్నపు గడ్డ, దాని పేరా మాత్రం మళ్లీ చదివాను. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడగానే బుడగలు లేచాయనీ, కాల్షియం కార్బొనేట్ కరిగిపోయి కాడ మిగిలిందనీ, పక్కనున్న ఆక్సలేట్ స్ఫటికాలు బుడగ లేకుండానే కరిగాయనీ రాశావు. అది కళ్లారా చూసి రాసిన రాత. మిగతాదంతా ఎవరో చెబితే రాసినట్టుంది.

నేను మొదలుపెట్టిన రోజుల్లో సన్నని కోతలు తీసే యంత్రం, మైక్రోటోమ్, ఎక్కడిది? బెండు ముక్కలో ఆకు ఇరికించి గడ్డం బ్లేడుతో కోసేవాణ్ణి. సన్నని కోత ఒకటి దొరికేలోగా వేళ్లు తెగేవి. దాన్ని చూసి బొమ్మ గీసి, పక్కన కొలత గీత పెట్టి పంపితే, ఒక సంపాదకుడు "ఈ గీత బొమ్మను పాడుచేస్తోంది" అని చెరిపేసి అచ్చువేశాడు! కొలత లేని కణం బొమ్మ ఎవరికి కావాలి? ఇప్పుడు రంగుల ఫోటోల మోజు. పైగా ఏ చెట్టు మీద రాసినా చివర ఔషధ గుణాల తోక తగిలించమంటారు. నీ ఆఖరి రెండు పేరాలు ఆ తోకే. తీసెయ్యి.

పుస్తకంగా వేద్దామా అన్నావు. ఆ సంగతి తరవాత. ముందు కొత్త పట్టిక పంపు. ప్రతి ఆకు పక్కన అది ఏ కొమ్మదో, ఎండదో నీడదో రాయి.