చింగ్‌మింగ్ రోజున మీ ఆవిడ చేతికి కుంచె ఇవ్వండి

అమ్మమ్మ పోయాక మీ భార్య ఎవరితోనూ మాట్లాడట్లేదని, వాళ్ల మలేషియా చైనీస్ పద్ధతులు మీకు తెలియవని రాశారు. చదివి చాలా బాధేసిందండీ.

ఏప్రిల్ 4 లేదా 5న చైనీయులు పెద్దల్ని తలుచుకునే చింగ్‌మింగ్ పండుగ వస్తుంది. ఆరోజు పెద్దల సమాధులు శుభ్రం చేసి, వాళ్లకిష్టమైన వంటలు పెడతారు. రాతిమీద వెలిసిపోయిన అక్షరాలకి చాలా కుటుంబాల్లో మళ్లీ రంగు వేస్తారు. పాత సమాధుల దగ్గర ఆ పని మీ భార్యకి ఇవ్వొచ్చేమో అత్తగారిని ముందే అడగండి, కొత్తగా పోయినవారి విషయంలో ఆచారాలు ఇంటింటికీ మారతాయి.

మీరు ఆవిడ పక్కనే కూర్చుని అమ్మమ్మ ఏం వండేవారో, వాళ్ల పెద్దలు చైనాలో ఏ ఊరివాళ్లో అడగండి. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఓదార్పు మాటలు మాత్రం వద్దు. తర్వాత ఒక్కో కథకి ఒక్కో బొమ్మ వేయమనండి. నిద్ర, తిండి బాగా తగ్గిపోతే ఆలస్యం చేయకుండా కౌన్సిలర్‌ని కలవండి.